చెప్పకుండా వెళ్లిన అమ్మ

నాకు నాలుగేళ్లు నిండకముందే ఇద్దరు మనుషులు కూడబలుక్కుని నన్ను మోసం చేశారు. ఒకరు మా అమ్మ. రెండో ఆమె మా ఊరి బాలవాడి టీచరమ్మ. ఇద్దరూ ఇప్పుడు లేరు. లేనివాళ్ల మీద కోపమెందుకు, వదిలెయ్యమని మా ఇంట్లోవాళ్లు అంటారు. మనుషులు లేకపోతే వాళ్లు చేసింది చేయనట్టయిపోతుందా? నేను వదల్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది ఆలూరు దగ్గర నల్లరేగడి పల్లె. కర్నూలు కొత్త రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. అప్పటిదాకా నా స్థలం అమ్మ పక్కనే. అమ్మ కూలి జట్టుతో కలుపు తీయడానికి వెళ్తే నేనూ వెళ్లేదాన్ని. గట్టు మీద తుమ్మచెట్టు కింద నన్ను కూర్చోబెట్టి, సద్దిమూటకు కాపలా పెట్టేది. కుక్కలు వస్తే మట్టిగడ్డతో కొట్టడం నా పని. ఆ పనిలో ఒక్కరోజు కూడా నా వల్ల లోపం జరగలేదు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నన్ను చేను నుంచి తీసేయడానికి నా తప్పు ఏదీ కారణం కాదని తెలియాలని.

తప్పంతా తమ్ముడిది. వాడు పుట్టాడు.

జట్టును నడిపించే పెద్దామె ఒకామె ఉండేది. ఆమెను అందరూ మేస్త్రమ్మ అనేవారు. ఆమె జట్టులో ఒక కట్టుబాటు ఉంది: ఒక తల్లి చేనుకు ఒక బిడ్డనే తేవాలి, అదీ పాలు తాగే బిడ్డనే. ఇద్దరు బిడ్డలుంటే తల్లి చేతులు కలుపు మీద ఉండవని ఆమె లెక్క. తమ్ముడు పాలు తాగేవాడు కాబట్టి చేనుకు వాడు వెళ్లాలి. నేను సంగటి తినేదాన్ని కాబట్టి బాలవాడికి వెళ్లాలి. నన్నెవరూ అడగలేదు.

బాలవాడిని ఆ ఏడే పెట్టారు. ఊళ్లోవాళ్లు పిల్లోళ్ల బడి అనేవారు. చావడి పక్కన ఖాళీగా పడి ఉన్న మట్టిమిద్దెలో నడిచేది. పొద్దున పొడిపాలు, మధ్యాహ్నం గుగ్గిళ్లు, మధ్యలో పాటలు. టీచరమ్మ కడప వైపు నుంచి వచ్చిన మనిషి. సన్నగా, పొడుగ్గా, నున్నగా దువ్విన తలతో ఉండేది. గొంతు మెత్తగా ఉండేది. ఆ మెత్తదనాన్ని చూసి మోసపోయినవాళ్లలో నేనొకదాన్ని.

మా వైపు బిడ్డను మొదటిసారి బడికి తీసుకుపోతే బొరుగులు, పప్పులు, బెల్లం కలిపి తీసుకుపోయి అక్కడి పిల్లలందరికీ పంచుతారు. మామూలుగా తల్లి పంచుతుంది. టీచరమ్మ ఈ ఆచారాన్ని కొంచెం మార్చింది. కొత్తగా వచ్చిన బిడ్డ చేతికే చేట ఇచ్చి, పంచమనేది. ఊళ్లో ఆడవాళ్లు ఎంత బాగా ఆలోచించిందని మెచ్చుకున్నారు. ఆ మార్పు ఎందుకో వాళ్లకు తెలుసు, పిల్లలకే తెలియదు.

ఆ పొద్దున అమ్మ నాకు తలంటి, నూనె రాసి, రెండు జడలు వేసింది. తమ్ముణ్ణి చంకన వేసుకుని, బొరుగుల మూట నెత్తిన పెట్టుకుని నా చేయి పట్టుకుంది. నా చేయి అంత గట్టిగా ఎందుకు పట్టుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. బాలవాడి గడప మీద కూర్చుని తమ్ముడికి పాలివ్వసాగింది. నేను ఆమె కొంగు పట్టుకుని నిలబడ్డాను.

టీచరమ్మ నా ముందు గొంతుక్కూర్చుంది. "పాపా, నీ బొరుగులు వీళ్లందరికీ నువ్వే పంచల్ల. ఒక్కొక్కరికీ పిడికెడు. ఎక్కువ ఒకరికి, తక్కువ ఒకరికి రాగూడదు. చేతనవుతాదా నీకు?"

చేతనవుతుందా అని అడిగింది. అదే ఆమె పన్నిన వల. చేతకాదని నేను ఎప్పుడైనా, ఎవరితోనైనా అన్నానా? కొంగు వదిలి చేట అందుకున్నాను.

పద్నాలుగుమందో పదిహేనుమందో పిల్లలు గోడ వెంబడి వరుసగా కూర్చున్నారు. నేను ఒక్కొక్కరి ముందు వంగి పిడికిలి నింపి పోశాను. ఒకడు ఇంకా కావాలని చేయి చాపితే వాడి వేళ్లు మూసి పెట్టాను. బెల్లం ముక్క రానివాళ్లకు వెతికి ఇచ్చాను. చివరి పిల్ల దగ్గరికి వచ్చేసరికి చేటలో సరిగ్గా ఒక పిడికెడు మిగిలింది. అంత లెక్కగా పంచాను. అది అమ్మకు చూపిద్దామని వెనక్కి తిరిగాను.

గడప మీద అమ్మ లేదు. అమ్మ కూర్చున్న చోట ఒక ఎర్రకుక్క నిలబడి కిందపడిన బొరుగులు నాకుతోంది.

ఎంత ఏడ్చానో రాయను. అందరు పిల్లలూ ఏడుస్తారు. నేను పరుగెత్తితే టీచరమ్మ తలుపు దగ్గరే పట్టుకుంది. "మీ అమ్మ నీళ్లు తాగేకి పోయింది. ఇప్పుడు వస్తాది" అంది. నేను నమ్మాను. పొద్దు నెత్తి మీదికి వచ్చేవరకూ నమ్మాను. ఒక మనిషి నీళ్లు తాగడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలియనంత చిన్నదాన్నని ఆమె అనుకుంది.

పొద్దు వంగాక అమ్మ వచ్చింది. కొంగులో రేగిపండ్లు మూటకట్టి తెచ్చింది. వాటిని చూసే నాకు అర్థమైంది. రేగిచెట్టు చేను గట్టు మీద ఉంది, నీళ్ల బాన దగ్గర కాదు.

"యాడికి పోయినావు?" అన్నాను.

"యాడికీ పోలేదు నా తల్లీ. నీళ్లకు పోయింటి."

టీచరమ్మ చెప్పిన మాటే అమ్మా చెప్పింది. ఇద్దరూ ముందే అనుకున్నారన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. రేగిపండ్లు తినలేదు. ఆ రాత్రి అమ్మ పక్కన పడుకోకుండా అవ్వ పక్కన పడుకున్నాను. మరునాటి నుంచి అమ్మతో మాటలు మానేశాను.

మాటలు మానేసినా మనిషికి అవసరాలు ఉంటాయి కదా. అందుకని తమ్ముడితో చెప్పేదాన్ని. వాడికి ఆరు నెలలు.

"తమ్ముడా, మీ అమ్మకు సెప్పు, నాకు నీళ్లు కావల్లని."

మొదట్లో అమ్మకు నవ్వొచ్చేది. నవ్వు దాచుకుని ఆమె కూడా వాడితోనే చెప్పేది. "నాయనా, మీ యక్కకు సెప్పు, కుండ ఈడనే ఉండాది, చేతులు దానికి కూడా ఉండాయని."

"తమ్ముడా, అబద్ధాలు సెప్పేవాళ్ల కుండ నాకొద్దని సెప్పు."

అప్పుడు అమ్మ నవ్వు ఆగిపోయేది. నాకు కావలసింది అదే.

రెండో రోజు "కొడవలి మర్చిపోయినా, తెచ్చుకుంటా" అని పోయింది. మూడో రోజు "తమ్ముడు పాడు చేసినాడు, కడుక్కొని వస్తా" అంది. నాలుగో రోజు నాన్న భుజం మీద ఎక్కించుకుని బాలవాడిలో దించి, "మీ యమ్మ వెనకాల వస్తాంది" అన్నాడు. నాన్న కూడా వాళ్లతో చేరాడు. ఇలా రోజుకొక అబద్ధం. ఏ రోజు ఏది చెప్పారో వరుస తప్పకుండా నాకు చాలా కాలం గుర్తుండేది.

పది రోజులయ్యాక నేను ఏడవడం మానేశాను. దాంతో టీచరమ్మ అమ్మతో నా ముందే అంది: "చూస్తిరా, అలవాటయింది. మీరు మాత్రం సెప్పి పోవద్దండి. సెప్తే ఏడుస్తారు. సెప్పకుంటే కాసేపటికి మరిచిపోతారు. మాకు శిక్షణలో ఇట్లే నేర్పించినారు."

అలవాటయింది. ఆ మాట మీద నాకు ఉన్న కోపం ఇంకే మాట మీదా లేదు. నాకు అలవాటు కాలేదు, గొంతు నొప్పి పుట్టి ఏడుపు ఆపానంతే. మరిచిపోతానట. నేను మరిచిపోయేదాన్ననుకోవడమే ఆమె చేసిన పెద్ద తప్పు. ఆమె నోటి నుంచే నాకు ఇంకొక సంగతి కూడా తెలిసింది. చెప్పకుండా పోవడం అమ్మకు పుట్టిన బుద్ధి కాదు. ఇది టీచరమ్మ పెట్టిన కట్టుబాటు. దాన్ని ఎక్కడ విరగ్గొట్టాలో నాకు తెలిసింది.

నాకు కావలసింది ఒక్కటే. అమ్మ నా ముఖం చూసి "నేను పోతాండా" అనాలి. అంతకన్నా ఎక్కువ ఏమీ అడగలేదు నేను.

మొదటి అవకాశం మా సందు చివరింటి పిల్లవాడితో వచ్చింది. వాణ్ణి వాళ్లమ్మ కొత్తగా తీసుకొచ్చింది. వాడి చేతికి చేట ఇచ్చారు. "చేతనవుతాదా నీకు?" అని మెత్తగా అడిగింది టీచరమ్మ. వాడు తల ఊపాడు. నా దగ్గరికి వచ్చి వంగి బొరుగులు పోస్తుంటే వాడి చెవిలో చెప్పాను.

"వెనక్కి సూడు. మీ యమ్మ పోతాంది."

వాడు చూశాడు. వాళ్లమ్మ నిజంగానే ఒక కాలు గడప అవతల వేసి, ఒక కాలు ఇవతల ఉంచుకుని ఉంది. చేట గాల్లోకి లేచింది. బొరుగులు మిద్దె అంతా చెల్లాచెదురయ్యాయి. వాడు పోయి వాళ్లమ్మ కాళ్లు చుట్టుకున్నాడు. ఆ రోజు ఆమె చేనుకు పోలేదు. నేను నా చేతిలో పడిన బొరుగులు తిన్నాను. అవి ఎంత రుచిగా ఉన్నాయో ఇప్పటికీ చెప్పగలను.

రెండోసారి ఒక ఆడపిల్ల వచ్చింది. ఆ పిల్ల చేట అందుకోకముందే చెప్పాను. ఆ పిల్ల చేటనే ముట్టలేదు. మూడోసారికి టీచరమ్మ కనిపెట్టింది. కొత్త పిల్లలు వచ్చే రోజు నన్ను తీసుకుపోయి మూలన, నీళ్ల బాన దగ్గర గోడకు ముఖం పెట్టి కూర్చోబెట్టింది. నాకు గడప కనబడేది కాదు. కనబడకపోతే ఏం? తమ మెట్టెలు చప్పుడు కాకుండా నడిచే ఆడవాళ్లు ఎవరూ మా ఊళ్లో లేరు.

"ఇప్పుడు లేసింది" అన్నాను గోడతో. "ఇప్పుడు గడప దాటింది."

టీచరమ్మ నా నోటి మీద కొట్టింది. నేను ఏడవలేదు. ఏడిస్తే ఆమె గెలిచినట్టు.

నెల తిరిగేసరికి నేను చెప్పాల్సిన అవసరం కూడా లేకపోయింది. మిగతా పిల్లలందరికీ సంగతి తెలిసిపోయింది. కొత్త బిడ్డ చేట పట్టుకుంటే చాలు, వరుసలో కూర్చున్నవాళ్లంతా బొరుగులు వదిలేసి గడప వైపు చూసేవాళ్లు. వాళ్లు చూస్తే ఆ బిడ్డా చూసేది. బొరుగులు పంచడం అంటేనే పిల్లలు హడలిపోయారు. అప్పటికే అలవాటైన పిల్లలు కూడా పొద్దున తల్లుల కొంగులు విడవడం మానేశారు. తల్లులు గడప మీద కూర్చుండిపోయేవారు. ఎండ ఎక్కేది. జట్టు వాళ్లను వదిలి వెళ్లిపోయేది.

ఆ తల్లుల మీద నాకు జాలి లేదా అని మీరు అడగవచ్చు. అప్పుడు లేదు. నా మీద ఎవరు జాలిపడ్డారు?

ఊరు నన్ను తిట్టడం మొదలుపెట్టింది. నీళ్ల దగ్గర ఒకామె అమ్మతో, "ఏం బిడ్డను గన్నావు వదినా, ఊరికంతా ముల్లు అయింది" అంది. అమ్మ ఇంటికొచ్చి నన్ను చీపురుతో కొట్టింది. కొట్టి, తానే ఏడ్చింది. "ఏంటికి మే ఇట్లా చేస్తాండావు? నా కూలి పోగొడతావా? నిన్ను ఎట్ల సాకల్ల నేను?" అని అడిగింది.

"తమ్ముడా, నేనేం సెయ్యలేదని సెప్పు" అన్నాను. "నిజమే సెప్పినానని సెప్పు."

కలుపు ముదిరిపోతోంది. జట్టులో ఆరుగురు ఆడవాళ్లు రావడం లేదు. చివరికి ఒక పొద్దున మేస్త్రమ్మే బాలవాడికి వచ్చింది. వెనకాల అమ్మ, తమ్ముడు, ఇంకా నలుగురైదుగురు తల్లులు. ఆమె నల్లగా, లావుగా, నోట్లో ఆకువక్కతో ఉండేది. నాకు ఆమె అంటే కూడా కోపమే, నన్ను చేను నుంచి తీసేసిన కట్టుబాటు ఆమెదే కాబట్టి.

"యాడుండాది ఆ పిల్ల?" అంది.

టీచరమ్మ మూలన ఉన్న నన్ను చూపించింది. "ఈ పిల్లను వేరే యాడికన్నా పంపించండి. దీని వల్ల తక్కినోళ్లు చెడిపోతాండారు. నేను ఎంత మంచిగా సెప్పినా వినదు."

"దానికేం గావల్లో అడిగినారా?"

"నాలుగేండ్ల పిల్లను ఏమడిగేది?"

మేస్త్రమ్మ ఆకు నమలడం ఆపింది. "నోరుండాది గదా దానికి. ఊరంతా వినబడేంత ఉండాది." వచ్చి నా ముందు కూర్చుంది, మోకాళ్లు టకటకమన్నాయి. "ఏమ్మే, నీకేం గావల్ల?"

అన్ని రోజుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. అడిగింది కదా అని నేను ఆమెను క్షమించలేదు. కానీ జవాబు చెప్పాను.

"మా యమ్మ నాకు సెప్పి పోవల్ల."

"ఏమని?"

"పోతాండానని."

తల్లులు నవ్వారు. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "ఇంతేనా, దీనికా మన కూలి పోయింది" అంది. అమ్మ నవ్వలేదు.

టీచరమ్మ అడ్డం వచ్చింది. "సెప్తే ఏడుస్తాదమ్మా. నా మాట వినండి."

"సెప్పకపోయినా ఏడుస్తా" అన్నాను.

మేస్త్రమ్మ లేచి అమ్మ వైపు తిరిగింది. "సెప్పు పోనీలే. పొద్దు పోతాంది. నోట్లో నుంచి ఒక మాట రావడానికి ఏం కష్టం?"

అందరి ముందూ అమ్మ తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుని నా దగ్గరికి వచ్చింది. వంగలేదు, నిలబడే ఉంది. నా ముఖంలోకి చూడడానికి చాలాసేపు పట్టింది. మెత్తగా మాట్లాడే టీచరమ్మ ముందు, తనను ముల్లును కన్నావన్న ఆడవాళ్ల ముందు అమ్మ ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు చూసి నాకు సంతోషం కలిగింది. ఎందుకు అబద్ధం చెప్పాలి.

"పాపా, నేను చేనుకు పోతాండా" అంది. "కలుపు తీసి, పొద్దు వంగినాక వస్తా."

చెప్పింది. ఎన్నో రోజులుగా నేను ఎదురుచూసిన మాట అదే, ఒక్క అక్షరం తగ్గలేదు. నేను గెలిచాను. టీచరమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ క్షణంలోనే, అంతవరకూ నేను పైకి అనని ఒక మాట నోటికి వచ్చింది. తమ్ముడి ద్వారా కాకుండా, ఎన్నో రోజుల తర్వాత నేరుగా అమ్మతోనే అన్నాను.

"పోవద్దు."

ఎవరూ నవ్వలేదు.

నాకు చెప్పి ఉంటే ఆపేదాన్ని, అందుకే చెప్పలేదు, అందుకే దొంగతనంగా పోయింది అనుకున్నాను నేను అన్నాళ్లూ. నా ముఖం చూసి చెబితే ఆమె కాళ్లు కదలవనుకున్నాను. నాకు అంత బలం ఉందనుకున్నాను.

"పోవల్ల పాపా" అంది అమ్మ.

"నేను వద్దంటాండా గదా."

"నువ్వు వద్దన్నా పోవల్ల."

నేను కొంగు పట్టుకోలేదు. పట్టుకుంటే విడిపిస్తుందని తెలిసింది. అమ్మ గడప దాటింది. ఈసారి మెట్టెల చప్పుడు దాచుకోకుండా దాటింది. జట్టు ఆమె కోసం చావడి దగ్గర ఆగి ఉంది. అమ్మ వెళ్లి అందులో కలిసింది. నల్లరేగడి బాట మీద ఆడవాళ్లంతా నెత్తిన సద్దిమూటలతో ఒకరి వెనక ఒకరు నడుస్తుంటే, చేను మలుపు దాకా అమ్మ చీర ఏదో గుర్తుపడుతూ నిలబడ్డాను. తమ్ముడు ఆమె భుజం మీద నుంచి నన్నే చూస్తూ పోయాడు.

ఆ రోజు నుంచి మా ఊరి బాలవాడిలో తల్లులందరూ చెప్పి పోవడం మొదలుపెట్టారు. మేస్త్రమ్మ అలా తేల్చింది. చెప్పి పోతే పిల్లలు ఏడుస్తారన్న టీచరమ్మ మాట నిజమే. ప్రతి పొద్దునా పదిహేనుమంది ఒకేసారి ఏడ్చేవాళ్లు. అయితే కాసేపే. ఆ కాసేపూ ఆమె తలకు తడిగుడ్డ చుట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. నేను ఆమెనే చూస్తూ పాలు తాగేదాన్ని. ఏడాది తిరగకముందే ఆమె వేరే చోటికి మార్పించుకుని కడప వైపు వెళ్లిపోయింది. నా వల్లే వెళ్లిందని కొందరన్నారు. నేను కాదనలేదు. వెళ్లే రోజు పిల్లల తలలు ఒక్కొక్కటీ నిమురుతూ వచ్చి నా దగ్గర ఆగింది. "నేను పోతాండా పాపా" అంది. ఆమె నన్ను ఎగతాళి చేసిందో, మనస్ఫూర్తిగానే చెప్పిందో నాకు తెలియదు. తల వంచుకుని ఆమె చేయి తగలకుండా పక్కకు జరిగాను.

అమ్మ సంగతి వేరు. ఆమె మాట తప్పలేదు. నన్ను పెద్దబడిలో వేసేవరకూ ప్రతి పొద్దునా గడప దగ్గర ఆగి, నా ముఖం చూసి, "పాపా, పోతాండా" అని చెప్పేది. చెప్పి, నేను ఏమంటానోనని కాసేపు నిలబడేది. పొద్దు పోతోందని జట్టు ఆడవాళ్లు బిన్నా రా, తొందరగా రా అని కేకలు వేసేవాళ్లు. అయినా నిలబడేది. "సరే" అనే ఒక్క మాట కోసం ఎదురుచూసేదని నాకు అప్పుడే తెలుసు.

ఒక్కరోజు కూడా నేను సరే అనలేదు.